విడిచి విడిచి వచ్చే జ్వరం

కేసముద్రం మార్కెట్ దారిలో ఏపీ 36 నంబరు పలకతో కారు కనిపిస్తే దాని వయసు ఎవరినీ అడగక్కర్లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో కొత్త బండ్లకు ఆ కోడ్ వచ్చింది 2014లో తెలంగాణ ఏర్పడేదాకానే. అంటే ఆ బండికి పదేళ్లు దాటాయి. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా అయిపోయి, మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకుని తిరుగుతున్నదైనా కావచ్చు. మారుతి 800, ఇండికా, సుమో, ఎక్కడో ఒక అంబాసిడర్. ఇలాంటి బండ్లు షెడ్డుకు మోసుకొచ్చే ఫిర్యాదుల్లో మెకానిక్‌కు అస్సలు నచ్చనిది ఒకటుంది: "హీటెక్కుతోంది. కానీ రోజూ కాదు."

రోజూ హీటెక్కే బండిని పట్టుకోవడం తేలిక. ఒకరోజు మరిగి, నాలుగు రోజులు మామూలుగా తిరిగి, మళ్లీ ఐదో రోజు నడిరోడ్డు మీద పొగలు కక్కే బండి షెడ్డుకు వచ్చేసరికి బుద్ధిగా ఉంటుంది. మీటరు ముల్లు మధ్యలో నిలబడి కదలదు. అప్పుడు మొదలవుతుంది అంచనాల వైద్యం. ముందు థర్మోస్టాట్ తీసేస్తారు, తర్వాత వాటర్ పంపు మారుస్తారు, ఆ తర్వాత రేడియేటర్, చివరికి హెడ్డు దించుతారు. డబ్బు పోతుంది, జబ్బు మాత్రం ఉంటుంది.

మనుషుల జ్వరాల్లో ఈ చిక్కు చాలా పాతది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే వైద్యులు ఆ జ్వరాన్ని అది వచ్చే వేళను బట్టి పోల్చుకునేవారు. రోజు విడిచి రోజు చలితో వస్తే ఒక రకం, రెండు రోజులు విడిచి వస్తే మరో రకం. పాత కారు ఇంజన్‌ను కూడా ముందు అడగాల్సింది అదే: ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తున్నప్పుడు వస్తోంది?

వేడి జమాఖర్చు

లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. పాత ఇంజన్‌లో అందులో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది సుమారు నాలుగో వంతే. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో పోతుంది. దాదాపు అంతే వేడి ఇంజన్ గోడల్లోకి ఎక్కి, వాటి చుట్టూ తిరిగే నీళ్లలోకి చేరుతుంది. సిలిండర్ లోపల మండే వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీలకే. అల్యూమినియం హెడ్డు కరిగిపోకుండా నిలబడుతున్నదంటే నీళ్లు ఎడతెగకుండా తిరుగుతున్నందువల్లే.

చిన్న కారు ఇంజన్ నుంచి నీళ్లలోకి 10 కిలోవాట్ల వేడి చేరుతోందనుకుందాం. ఇంట్లో గీజర్లు ఐదింటిని ఒక్కసారిగా వేస్తే వచ్చేంత వేడి ఇది. ఇంజన్‌లోకి వెళ్లే నీటికీ, బయటికి వచ్చే నీటికీ ఏడు డిగ్రీల తేడా ఉందంటే నిమిషానికి సుమారు 20 లీటర్లు తిరగాలి. బండిలో ఉన్న నీళ్లు మొత్తం నాలుగు లీటర్లయితే, ప్రతి బొట్టూ పన్నెండు సెకన్లకోసారి ఇంజన్ నుంచి రేడియేటర్‌కూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ ఒక చుట్టు చుట్టి రావాలి. ఈ తిరుగుడు ఒక్క నిమిషం ఆగినా ముల్లు ఎందుకు ఎగబాకుతుందో ఈ లెక్కతో తెలుస్తుంది.

మొదటి కార్లకు ఈ ఏర్పాటే లేదు. కార్ల్ బెంజ్ తొలి బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోతేనే ఇంజన్ చల్లబడేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా ఆ బండిలో వెళ్లినప్పుడు దారిపొడవునా నీళ్లు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. 1900–01లో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ కోసం 8,070 సన్నని గొట్టాలు పేర్చి తేనెతుట్టె లాంటి రేడియేటర్ చేశాక, అవే నీళ్లను మళ్లీ మళ్లీ వాడుకునే వీలు కలిగింది.

డిసెంబర్‌లో దాగి, మేలో బయటపడి

రేడియేటర్ ఎంత వేడిని వదిలించుకోగలదన్నది దానిలోని నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. డిసెంబర్ ఉదయం గాలి 20 డిగ్రీలైతే తేడా 70. మే నెల మిట్టమధ్యాహ్నం కేసముద్రం ఉన్న మహబూబాబాద్ జిల్లాలో గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు తేడా 45. అంటే అదే రేడియేటర్ తన శక్తిలో మూడో వంతుకు పైగా పోగొట్టుకున్నట్టే. ఏసీ వేస్తే దాని కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కనుక గాలి అక్కడే మరో పది డిగ్రీలు వేడెక్కి వస్తుంది. తేడా 35కు పడిపోయింది. డిసెంబర్ నాటి శక్తిలో ఇక మిగిలింది సగమే.

కొత్త బండిలో కంపెనీ ఈ సగాన్ని ముందే లెక్కగట్టి రేడియేటర్ పెద్దది పెడుతుంది. పాత బండిలో గొట్టాలు కొన్ని పూడుకుపోయి ఆ వెసులుబాటు కరిగిపోయి ఉంటుంది. చలికాలంలో ఆ సంగతి బయటికి రాదు. కాబట్టి "అప్పుడప్పుడు వచ్చే లోపం" అనుకునేది చాలాసార్లు ఎప్పుడూ ఉన్న లోపమే. వచ్చిపోతున్నది దాన్ని కప్పి ఉంచే వెసులుబాటు.

కేసముద్రం లాంటి వ్యవసాయ మార్కెట్ ఊళ్లలో దీనికి ఇంకో సంగతి తోడవుతుంది. యాసంగి వరి కోతలు ఏప్రిల్, మే నెలల్లోనే. రోడ్ల పక్కన వడ్లు, మక్కలు ఆరబోస్తారు. తాలు, పొట్టు, దుమ్ము గాలిలో లేస్తాయి. అదే గాలిని ఫ్యాన్ రేడియేటర్ గుండా లాగుతుంది. ఏసీ ఉన్న బండిలో ఈ చెత్త కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న వేలెడు సందులో పేరుకుంటుంది. బానెట్ ఎత్తి చూస్తే రెండు వైపులా శుభ్రంగానే కనిపిస్తుంది. బోల్టులు విప్పి రెంటినీ విడదీస్తే కానీ ఆ పొర కంటపడదు. కడగడానికి సన్నటి నీటి ధార చాలు, అదీ ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో గట్టి ప్రెషర్‌తో ముందు నుంచి కొడితే పలచటి రెక్కలు వంగి గాలిదారి మరింత మూసుకుపోతుంది.

వరదనీళ్లు తాగిన బండిది మరో కథ. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల కుండపోతకు ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. అలాంటి వరదలో చిక్కిన కారుకు ఇంజన్ ఆయిల్ మార్చి, సీట్లు ఆరబెట్టి ఊరుకుంటే పని సగమే అయినట్టు. రెక్కల మధ్య చేరిన ఒండ్రు ఎండి గట్టిపడుతుంది. ఫ్యాన్ మోటారులో, కనెక్టర్లలో తుప్పు మొదలవుతుంది. ఫలితం కనిపించేది ఏడెనిమిది నెలల తర్వాత, ఎండలు ముదిరాక. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిలబడ్డప్పుడా, పరుగులోనా?

రోగనిర్ధారణలో సగం పని ఈ ఒక్క ప్రశ్నే చేసిపెడుతుంది. మార్కెట్ ముందు ట్రాక్టర్ల వరుసలో ఇరుక్కున్నప్పుడు ముల్లు ఎగబాకి, రోడ్డెక్కి 50 వేగం అందుకోగానే దిగిపోతే అనుమానించాల్సింది ఫ్యాన్‌ను. వేగంగా పోయే బండికి గాలి దానంతటదే వస్తుంది, నిలబడ్డ బండికి ఫ్యానే దిక్కు.

మారుతి 800 లాంటి కార్లలో ఫ్యాన్ కరెంటుతో తిరుగుతుంది. నీళ్లు ఒక హద్దు దాటి వేడెక్కగానే థర్మో స్విచ్ కలిసి, రిలే ద్వారా మోటారుకు కరెంటు అందాలి. ఈ గొలుసులో ఏ లింకు వదులైనా ఫ్యాన్ ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. మోటారు లోపలి కార్బన్ బ్రష్షులు అరిగితే మరీ విచిత్రం. మోటారు ఒక ప్రత్యేకమైన చోట ఆగినప్పుడే అది మళ్లీ కదలదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు డొక్క మీద తట్టగానే తిరగడం మొదలుపెడితే దొంగ దొరికినట్టే. షెడ్డుల్లో దీనికి తరచూ చేసే వైద్యం ఫ్యాన్‌కు "డైరెక్ట్ ఇవ్వడం", అంటే తాళం తిప్పగానే తిరిగేలా వైరు కలపడం. బండి ఆ పూటకు ఇల్లు చేరుతుంది. మోటారు మాత్రం తొందరగా అరిగిపోతుంది, అసలు లోపం వైరు వెనక దాక్కుంటుంది.

పాత అంబాసిడర్‌లో ఫ్యాన్‌ను బెల్టు తిప్పుతుంది. సుమో, బొలెరో లాంటి బండ్లలో ఫ్యాన్ మధ్యలో సిలికాన్ నూనెతో పనిచేసే విస్కస్ క్లచ్ ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పి చూడాలి. బరువుగా కదిలి ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే నూనె కారిపోయినట్టు.

ఇక కథ తిరగబడి, ఊళ్లో బాగానే ఉండి వరంగల్ రోడ్డు మీద 80 దాటాక ముల్లు లేస్తే ఫ్యాన్ నిర్దోషి. అక్కడ కొరత నీటి ప్రవాహానిది. రేడియేటర్ గొట్టాలు పూడి ఉండవచ్చు, పంపు లోపలి రెక్కలు తుప్పుకు తరిగి ఉండవచ్చు, పంపును తిప్పే బెల్టు జారుతూ ఉండవచ్చు. చాలామంది మరిచేది కింది హోస్ పైపును. పంపు నీళ్లను లాగేది దీని గుండానే. పైపు ముడుచుకుపోకుండా కొన్ని బండ్లలో లోపల స్ప్రింగు ఉంటుంది. అది తుప్పు పట్టి విరిగినా, రబ్బరు మెత్తబడినా, ఇంజన్ రేస్ చేసినప్పుడు పైపు చప్పబడి దారి మూసుకుంటుంది. యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది. బండి నిలబెట్టి చూసేవారికి ఇది ఎన్నటికీ దొరకదు. ఒకరు రేస్ చేస్తుంటే ఇంకొకరు వంగి పైపును చూడాలి.

మూడో రకం కూడా ఉంది. పొద్దున బయల్దేరిన పది నిమిషాలకు ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత దాకా పోయి, ఉన్నట్టుండి దిగిపోతుంది, ఇక రోజంతా నిశ్చింత. ఇది అంటుకుపోయి ఆలస్యంగా తెరుచుకునే థర్మోస్టాట్ లక్షణం. లేదా లోపల గాలి చిక్కిందన్న సూచన.

తీసి పారేసే భాగం

థర్మోస్టాట్ గుప్పెట్లో పట్టేంత వాల్వు. 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నే దాని గుండెగా మైనపు గుళికను పెట్టాడు. మైనం కరిగితే వ్యాకోచిస్తుంది, ఆ తోపుకు వాల్వు తెరుచుకుంటుంది. చాలా కార్లలో సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అప్పటిదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఇంజన్‌ను తొందరగా వేడెక్కనిస్తుంది.

"మన ఎండలకు ఇది దేనికి?" అని తీసి పారేయడం మన షెడ్డుల్లో మామూలే. వేడి దేశం కాబట్టి ఇంజన్‌కు వేడి అక్కర్లేదన్నది పొరపాటు లెక్క. ఇంజన్ 90 డిగ్రీల దగ్గర నడిచేలా కొలతలు పెట్టి చేశారు. చల్లగా నడిచే ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో ఇదే వాల్వు తెరుచుకుంటూ పక్కదారిని మూస్తుంది. వాల్వు లేకపోతే వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండా ఆ పక్కదారిన మళ్లీ ఇంజన్‌లోకే పోతుంది. చల్లబరచడానికి చేసిన పని వేడిని పెంచుతుంది.

దాన్ని పరీక్షించడానికి ఒక గిన్నె, నీళ్లు, థర్మామీటరు చాలు. గిన్నె అడుగు తగలకుండా తీగతో వేలాడదీసి వేడి చేయాలి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంది, చల్లార్చితే పూర్తిగా మూసుకుందా అన్నది చూడాలి. అప్పుడప్పుడు అంటుకునే వాల్వు ఒక్కసారికి దొరకకపోవచ్చు కాబట్టి నాలుగైదుసార్లు చూస్తేనే నమ్మకం.

బోరునీళ్ల సున్నం

కేసముద్రం మీదుగా పోయే రైలు మార్గం నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వేసినది, 1889 నాటికి బెజవాడ చేరింది. ఆవిరి ఇంజన్ల కాలమంతా లోకో షెడ్డుల్లో బాయిలర్లను గడువు ప్రకారం ఖాళీ చేసి లోపలి పొర కడగడం తప్పనిసరి పనిగా ఉండేది. రైల్వేవాళ్లకు తెలిసిన ఆ సంగతి కారు యజమానులు చాలామందికి పట్టదు. నీళ్లు తగ్గితే పక్కనున్న బోరు దగ్గర సీసా పట్టి పోసేస్తారు.

రాతినేలల బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కగానే అవి విడిపోయి సున్నపు పొరగా మారతాయి. ఉప్పో చక్కెరో అయితే వేడికి ఎక్కువ కరుగుతుంది, కాల్షియం కార్బనేట్ మాత్రం వేడినీళ్లలో తక్కువ కరుగుతుంది. అందుకే అది అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటే, సిలిండర్ హెడ్డు లోపలి దారుల్లోనే, ముందుగా అంటుకుంటుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి, వేరే నీళ్లు లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. అలాంటి 600 నీళ్లను కారుతున్న బండిలో రోజుకో లీటరు చొప్పున వంద రోజులు పోస్తే 60 గ్రాముల ఖనిజం లోపలికి వెళుతుంది. ఇక మిల్లీమీటరు మందం సున్నపు పొర వేడిని ఆపడంలో ఇరవై మిల్లీమీటర్లకు పైగా మందమున్న పోత ఇనుముకు సాటి.

బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్, అందులో కూలెంట్, ఇదే సరైన మందు. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు కదా అని కూలెంట్‌ను కొట్టిపారేయకూడదు. అది నీటి మరుగు స్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. అలాగని చిక్కగా పోస్తే మేలు జరగదు. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ నీళ్లంత వేడిని మోయలేదు, కాబట్టి డబ్బా మీద రాసిన పాళ్లే పాటించాలి. ఇది తియ్యగా ఉండే విషం కూడా. పారబోసింది పిల్లలకూ పశువులకూ అందకూడదు.

అబద్ధమాడే ముల్లు

కొన్నిసార్లు ఇంజన్‌లో వేడే ఉండదు. సెన్సార్ పాడైనా, దాని వైరు ఒరుసుకుపోయినా, ఇంజన్ ఎర్త్ వదులైనా ముల్లు ఊరికే ఎగబాకుతుంది. లైట్లు వేయగానే ముల్లు కదిలితే అది కరెంటు జబ్బే. దీనికన్నా ప్రమాదకరం తిరగబడ్డ అబద్ధం. నీళ్లు బాగా తగ్గిపోయినప్పుడు సెన్సార్ నీళ్లకు తగలక గాలిలో ఉండిపోతుంది. లోపల హెడ్డు కాలిపోతుంటే బయట ముల్లు చల్లగా చూపిస్తుంది.

నిజం తేల్చడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మంచి సాధనం. అయితే కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు. అది మనిషి ఒంటి వేడి పరిధి దాకానే చూపుతుంది. పరిశ్రమల్లో వాడేది కావాలి. మెరిసే లోహం మీద గురిపెడితే తక్కువ చూపిస్తుంది కాబట్టి నల్లటి రబ్బరు పైపు మీద కొలవాలి. ఇంజన్ మరుగుతుండగా పై పైపు చల్లగా ఉంటే నీళ్లు కదలడం లేదన్నమాట. పై పైపు కాలుతూ కింది పైపు మరీ చల్లగా ఉంటే రేడియేటర్‌లో ప్రవాహం అందడం లేదు.

కారకుండా తగ్గే నీళ్లు

వారానికోసారి హీటెక్కి, నీళ్లు పోయగానే మళ్లీ వారం బాగుండే బండిలో నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. ముందు చూడాల్సింది వందల రూపాయల్లో వచ్చే రేడియేటర్ మూతను. 0.9 అని రాసి ఉన్న మూత లోపల 0.9 బార్ అదనపు ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు మరిగేది 118 డిగ్రీల దగ్గర. మూత రబ్బరు చచ్చిపోతే అవే నీళ్లు వందకే మరిగి పొంగిపోతాయి. మూతలోని రెండో చిన్న వాల్వు ఇంజన్ చల్లారేటప్పుడు పక్క డబ్బాలోని నీళ్లను వెనక్కి పీల్చుకోనిస్తుంది. డబ్బాకు వెళ్లే సన్న పైపు చిట్లితే నీళ్లకు బదులు గాలి లోపలికి పోతుంది. డబ్బాలో నీళ్లు నిండుగానే ఉంటాయి, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతూ పోతుంది. యజమాని డబ్బా చూసి ధైర్యంగా బయల్దేరతాడు.

మూత, పైపులు, పంపు అన్నీ బాగుండి కూడా నీళ్లు తగ్గుతుంటే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మీదికి అనుమానం పోవాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై పైపు రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్‌లో బుడగలు ఆగకపోవడం, ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగుకు మారడం దీని గుర్తులు. సన్నటి పగులు వేడికి, బరువుకు మాత్రమే విచ్చుకుని, చల్లారాక మూసుకుంటుంది కనుక ఈ గుర్తులు కూడా వచ్చిపోతుంటాయి. రేడియేటర్ నోటి దగ్గరి ఆవిరిని బ్రోమోథైమాల్ బ్లూ ద్రవం గుండా పంపితే, పొగలోని కార్బన్ డయాక్సైడ్ ఉన్నప్పుడు ఆ నీలం పసుపుగా మారుతుంది. హెడ్డు దించే ముందు ఈ చవక పరీక్ష చేయించుకోవడం యజమాని హక్కు.

దశాబ్దాల పాటు అంబాసిడర్‌లో నడిచిన 1,489 సీసీ ఇంజన్‌కు బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. ఒకటి రెండుసార్లు మరిగినా తట్టుకునేది. తర్వాతి కార్లలో హెడ్డు అల్యూమినియం. అది వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. ఒక్కసారి గట్టిగా మరిగితే వంకర తిరిగి లేత్ షాపుకు పోవాల్సిందే.

రోడ్డు మీద ఆగినప్పుడు

ముల్లు ఎర్రగీత చేరితే ఏసీ ఆపి, హీటర్ ఉంటే పూర్తిగా వేసి, బండి పక్కకు తీయాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇంజన్ ఆపాక కనీసం అరగంట మూత జోలికి పోకూడదు. 115 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఉన్న నాలుగు లీటర్ల నీటికి ఒక్కసారిగా మూత తీస్తే సుమారు 110 గ్రాములు క్షణంలో ఆవిరవుతాయి. తూకానికి తక్కువే, కానీ అది 180 లీటర్లకు పైగా ఆవిరి. మిగిలిన మరిగే నీళ్లను మొహం మీదికి చిమ్మడానికి అది చాలు. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయడం కూడా హెడ్డును చేతులారా వంచుకోవడమే.

పాత కారున్న పాఠకులు మార్చి నెలలోనే ఒక పని చేయవచ్చు. డ్యాష్‌బోర్డు పెట్టెలో చిన్న నోటు పుస్తకం ఉంచి, హీటెక్కిన ప్రతిసారీ వేళ, వేగం, ఏసీ, బరువు, దానికి ముందు పొద్దున చల్లటి ఇంజన్‌లో చూసిన నీటి మట్టం రాసిపెట్టండి. షెడ్డుకు వెళ్లినప్పుడు ముందు ఆ పుస్తకం చూపించండి. మూత, బెల్టు, పైపులు, ఫ్యాన్ స్విచ్ చూడకముందే హెడ్డు దించుదామనే మెకానిక్ దగ్గర బండి వదలకండి.